డిస్కో అంటే అంత చిన్నచూపు ఎందుకు? (సోల్, జాజ్-ఫంక్, హౌస్ వినేవాళ్ళు కూడా రండి)

మల్కాజిగిరి_కుర్రోడు
అందరికీ నమస్తే. ఆఫీసులో ఒక సీనియర్ పుణ్యమా అని కొన్నాళ్ళుగా అమెరికా పాత సోల్, జాజ్-ఫంక్ వింటున్నా. మార్విన్ గే, ఆల్ గ్రీన్, హెర్బీ హ్యాన్‌కాక్ దాకా బాగానే ఎక్కింది. డిస్కో దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. మొదటి నుంచి చివరి దాకా అదే ధన్ ధన్ ధన్. దాని తర్వాత వచ్చిన హౌస్ అనే క్లబ్బు సంగీతం అయితే మరీనూ, పాట మొదలయ్యే లోపు డ్రమ్ముతోనే రెండు నిమిషాలు గడిచిపోతాయి.

మనకి డిస్కో అనగానే తళుకుల చొక్కా, పైన తిరిగే అద్దాల బంతి గుర్తొస్తాయి కదా. ఆ ముద్ర వల్లే నాకు ఎక్కట్లేదా, లేక నిజంగానే అందులో సరుకు లేదా? ఉందనేవాళ్ళు ఏ రికార్డు వినాలో, అందులో దేనికోసం చెవి పెట్టాలో చెప్పండి. వికీపీడియా లింకులు మాత్రం వద్దు ప్లీజ్, అవి చదివేశా.

దరువు_దాసు
తమ్ముడూ, నువ్వు ధన్ ధన్ అన్నావే, దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. ఎర్ల్ యంగ్, ఫిలడెల్ఫియా డ్రమ్మర్. సిగ్మా సౌండ్ అనే స్టూడియోలో గ్యాంబుల్, హఫ్ అనే ఇద్దరు నిర్మాతల దగ్గర వాయించేవాడు.

1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ పాడిన 'ద లవ్ ఐ లాస్ట్' పెట్టుకో. అది అసలు మెల్లగా సాగాల్సిన విరహగీతం. స్టూడియోలో వేగం పెంచేశారు. టెడ్డీ పెండర్‌గ్రాస్ గుండెలు బాదుకుంటూ పాడుతుంటే కింద డ్రమ్ములు పరుగెడుతుంటాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరకూడదు, కానీ కుదిరింది.

మొదటిసారి వినేటప్పుడు గాయకుణ్ణి వదిలెయ్. కాలితో కొట్టే కిక్ డ్రమ్మునీ వదిలెయ్, అది నాలుగు దెబ్బలకీ నాలుగుసార్లు పడుతుంది, అంతే. రెండు దెబ్బల మధ్య ఖాళీలో ఏం జరుగుతోందో చూడు. అక్కడ హై-హ్యాట్ తాళాలు తెరుచుకుని 'త్స్' అంటాయి, తర్వాతి దెబ్బ పడేసరికి టక్కున మూసుకుంటాయి. ఇది ఎడమకాలి పని. కుడికాలు దెబ్బ మీద, ఎడమకాలు దెబ్బకీ దెబ్బకీ మధ్య. నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయించినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆల్బమ్‌లో ఆరు నిమిషాల పైన ఉన్న ఆ పాటని అలాగే వాయించమంటే మూడో నిమిషానికి పిక్క పట్టేస్తుంది. ఆయన మాత్రం చివర్లో ఇంకా హుషారుగా ఉంటాడు.

ఆ 'త్స్' ఒక్కటి పట్టుకుంటే తర్వాత పదిహేనేళ్ళ డ్యాన్స్ మ్యూజిక్ నీకు దారి తప్పకుండా వినపడుతుంది. మిగతాది ఇక్కడి పెద్దలు చెప్తారు.

సోల్_రాజు
దాసు గారితో గొడవ పెట్టుకోవాలని కాదు గానీ, నా లెక్కలో డిస్కో సోల్‌ని మింగేసింది. సోల్‌కి పేరుపడ్డ మెంఫిస్ ఊరు చూడండి. స్టాక్స్ స్టూడియో, రాయల్ స్టూడియో రెండూ ఒకప్పటి సినిమా హాళ్ళే. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే ఉంచేశారు. ఆ గదుల్లో అల్ జాక్సన్ జూనియర్ డ్రమ్ములు వినండి. కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ము దెబ్బ రావాల్సిన చోటుకి వెంట్రుకవాసి వెనకగా పడుతుంది. ఓటిస్ రెడింగ్ రికార్డుల్లో ఆయనే, తర్వాత ఆల్ గ్రీన్ రికార్డుల్లో చాలావాటికి ఆయనే. అక్కడ గాయకుడికి ఊపిరి పీల్చుకోవడానికి చోటుంది.

ఫిలడెల్ఫియావాళ్ళు దానికి సూటు తొడిగి, వెనక ముప్పై వయొలిన్లు నిలబెట్టి, వెంట్రుకవాసి వెనకబాటుని తీసిపారేశారు. డ్యాన్సుకి పనికొస్తుంది. మనసుకా?

వయొలిన్_వరలక్ష్మి
వయొలిన్లని అంటే నేను ఊరుకోను రాజు గారూ :)

ఆ స్టూడియోలో తీగవాద్యాల బృందాన్ని డాన్ రెనాల్డో నడిపించేవారు. పక్కన విన్స్ మోంటానా వైబ్రఫోన్. వీళ్ళందరినీ కలిపి ఎమ్‌ఎఫ్‌ఎస్‌బీ అనేవారు. 1974లో వీళ్ళ 'టీఎస్‌ఓపీ' అమెరికాలో నంబర్ వన్ అయింది, సోల్ ట్రెయిన్ టీవీ షోకి అదే టైటిల్ మ్యూజిక్. వయొలిన్లు అక్కడ వెనక పరుచుకుని ఉండవు. గాయకుడు ఒక వాక్యం అని ఆగగానే ఆ సందులో దూరి జవాబు చెప్పి వెళ్ళిపోతాయి. మన సినిమా పాటల్లో ఇంటర్లూడ్ దాకా ఆగే వయొలిన్లు ఇక్కడ చరణం మధ్యలోనే మాట్లాడతాయి.

'లవ్ ఈజ్ ద మెసేజ్' వినండి. మొదటి సగం పెద్దమనుషుల పార్టీలా నిదానంగా ఉంటుంది. తర్వాత ఎర్ల్ యంగ్ దరువు మారుస్తాడు, అక్కడినుంచి అది వేరే పాట. న్యూయార్క్ డీజేలు ఆ రెండో సగం కోసమే పడి చచ్చేవారు.

న్యూజెర్సీ_పద్మ
ఎవరూ ఇంకా అసలు సంగతికి రాలేదు. డిస్కో వినాలంటే పాటతో పాటు ప్లేటు సైజు కూడా ముఖ్యం.

7 అంగుళాల సింగిల్‌లో ఒక వైపు హాయిగా పట్టేది మూడు, నాలుగు నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పెడితే ముల్లు నడిచే గాళ్ళు దగ్గరదగ్గరగా కోయాలి. బాస్ శబ్దానికి గాడి ఎక్కువ పక్కకి ఊగాలి, ఊగడానికి చోటు లేకపోతే శబ్దం తగ్గించెయ్యాలి. ఒక్క అరలో పది పట్టుచీరలు కుక్కినట్టు. అందుకే దాసు గారు చెప్పిన పాట సింగిల్‌గా వచ్చినప్పుడు పార్ట్ 1, పార్ట్ 2 అని రెండు వైపులకీ కోసేశారు. డ్యాన్స్ మంచి ఊపు మీద ఉండగా ప్లేటు తిప్పాలి!

టామ్ మౌల్టన్ అనే మిక్సర్ ఒక పాటని డీజేల కోసం డిస్కు మీద కోయించడానికి హోసే రోడ్రిగెజ్ అనే మాస్టరింగ్ ఇంజనీర్ దగ్గరికి వెళ్ళాడు. 7 అంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి, 10 అంగుళాలవే ఉన్నాయి. అంత పెద్ద డిస్కులో మధ్యన చిన్న ముక్కగా పాట కనిపిస్తే బాగోదని గాళ్ళని విశాలంగా పరిచి, శబ్దం పెంచి కోయమన్నాడు. విని ఇద్దరికీ మతి పోయింది. అక్కడినుంచి 12 అంగుళాలకి వెళ్ళారు.

దుకాణంలో జనం కొనుక్కునేలా వచ్చిన మొదటి 12 అంగుళాల సింగిల్ 1976లో శాల్‌సోల్ కంపెనీది. డబుల్ ఎక్స్‌పోజర్ పాడిన 'టెన్ పర్సెంట్'. వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే చిన్న పాటని దాదాపు పది నిమిషాలకి సాగదీశాడు. అందులో వాయించినవాళ్ళలో చాలామంది మన సిగ్మా మనుషులే. డబ్బుల దగ్గర గ్యాంబుల్-హఫ్‌తో చెడి, ఎర్ల్ యంగ్, మోంటానా, బాస్ వాయించే రానీ బేకర్, గిటార్ నార్మన్ హ్యారిస్ శాల్‌సోల్ వైపు వచ్చేశారు.

నా దగ్గర ఆ ప్లేటు ఉంది. టేబుల్ ల్యాంప్ కింద వాలుగా పట్టుకుంటే పాట నిర్మాణం కంటికి కనపడుతుంది. మొత్తం బ్యాండ్ వాయించే చోట గాళ్ళు బూడిదరంగులో గరుగ్గా ఉంటాయి. వయొలిన్లు, గొంతులు ఆగిపోయి డ్రమ్మూ కాంగా మిగిలే చోట నల్లగా, నున్నగా ఒక పట్టీ. చీకట్లో డీజే ఆ పట్టీ చూసే ముల్లు దించేవాడు. రాజు గారు అడిగిన ఊపిరి పీల్చుకునే చోటు అదే. ఇక్కడ గాయకుడికి బదులు నాట్యం చేసేవాళ్ళకిచ్చారు.

మల్కాజిగిరి_కుర్రోడు
పద్మ గారూ, థాంక్స్. కానీ నా దగ్గర ప్లేయర్ లేదు, ఫోనే. యాప్‌లో వెతికితే ఒకే పాట నాలుగు రకాలు కనపడుతోంది. ఏది నొక్కాలి?

న్యూజెర్సీ_పద్మ
నిడివి చూడు నాన్నా. మూడున్నర నిమిషాలున్నది రేడియో కోసం కోసింది. పేరు పక్కన '12 అంగుళాల మిక్స్' అనో, వాల్టర్ గిబ్బన్స్, టామ్ మౌల్టన్ పేర్లో ఉన్నది తీసుకో. 'రీ-రికార్డెడ్' అని ఉంటే ముట్టుకోకు. అది ఏళ్ళ తర్వాత మళ్ళీ పాడించింది, దరువు చచ్చిపోయి ఉంటుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకు, అందులో బాస్ అసలు రాదు.

గుంటూరు_బాకా
జాజ్-ఫంక్ ఎక్కింది అన్నావు కాబట్టి ఒక్కమాట. డిస్కో మీద వేసిన నిందే రెండు మూడేళ్ళ ముందు జాజ్-ఫంక్ మీదా వేశారు, అమ్ముడుపోయారని.

డొనాల్డ్ బర్డ్ 50ల నాటి హార్డ్ బాప్ అనే జాజ్ శైలిలో ట్రంపెట్ వాయించినవాడు. హవార్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. 1973లో తన పాత విద్యార్థులు లారీ, ఫాన్స్ మిజెల్ అన్నదమ్ములతో 'బ్లాక్ బర్డ్' చేశాడు. విమర్శకులు చీల్చి చెండాడారు. జనం ఎగబడి కొన్నారు, బ్లూ నోట్ కంపెనీకి అప్పటిదాకా అంతగా అమ్ముడైన రికార్డు లేదు. ఈ లారీ మిజెల్ ఎలక్ట్రికల్ ఇంజనీరు, చంద్రుడి మీద దిగిన లూనార్ మాడ్యూల్ పరీక్షల్లో పనిచేసినవాడు. ఫాన్స్ మోటౌన్ అనే రికార్డు కంపెనీలో జాక్సన్ 5 తొలి హిట్లు రాసిన బృందంలో ఒకడు. ఒకడికి సర్క్యూట్లు తెలుసు, ఇంకొకడికి రెండున్నర నిమిషాల్లో జనాన్ని పట్టేయడం తెలుసు.

నేను బాకా మనిషిని కాబట్టి ట్రంపెట్ కోసమే కొన్నా. వింటే ట్రంపెట్ అక్కడ హీరో కాదు, గదిలో ఒక మూల కూర్చున్న మనిషి. హార్వీ మేసన్ డ్రమ్ములే అంతా. అదే ఏడాది హెర్బీ హ్యాన్‌కాక్ 'హెడ్ హంటర్స్'లోనూ ఆయనే. 'కమీలియన్'లో ఆ బాస్ గిటార్ అనుకునేరు, కాదు, ఆర్ప్ ఒడిస్సీ సింథసైజర్ మీద హెర్బీ వాయించింది. పావుగంట పాట. పద్మ గారి 12 అంగుళాలు ఇంకా పుట్టలేదు, వీళ్ళు ఎల్‌పీలో ఒక వైపు సగానికి పైగా ఒకే దరువుకి ఇచ్చేశారు. ఆ ఓపిక అలవాటైన చెవికి హౌస్ కష్టం కాదు.

అడ్మిన్
డౌన్‌లోడ్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగుంది, ఆ పని మాత్రం వద్దు.

చికాగో_సుబ్బారావు
హౌస్ సంగతి నేను అందుకుంటా, ఊరి మీద అభిమానం కొద్దీ.

న్యూయార్క్‌లో లారీ లెవాన్ అనే డీజేకి చికాగోలో కొత్త క్లబ్బు ఉద్యోగం ఇస్తామన్నారు. ఆయన రానన్నాడు, స్నేహితుడు ఫ్రాంకీ నకిల్స్ వచ్చాడు. 1977లో 206 సౌత్ జెఫర్సన్ వీధిలో వేర్‌హౌస్ తెరిచారు. వచ్చేవాళ్ళు ఎక్కువగా నల్లజాతి, లాటినో గే యువకులు. బయట ఎక్కడా తలెత్తుకుని తిరగనివ్వని రోజుల్లో వాళ్ళకి శనివారం రాత్రి అది సొంత ఇల్లు. అక్కడ మోగినవి ఇక్కడ మీరంతా చెప్తున్న ఫిలడెల్ఫియా, శాల్‌సోల్ రికార్డులే.

1979 జూలై 12న ఇదే ఊళ్ళో కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో ఒక రేడియో జాకీ డిస్కో రికార్డులు పేల్చేస్తానన్నాడు. ఒక రికార్డు తెస్తే టికెట్ 98 సెంట్లు. యాభై వేల దాకా జనం వచ్చారు. పేలుడు అయ్యాక మైదానంలోకి దూకి గడ్డి తవ్వేశారు, ఆ రోజు జరగాల్సిన రెండో ఆట రద్దయి చికాగో జట్టు ఓడినట్టు ప్రకటించారు. ఆ రోజు గేటు దగ్గర సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఉన్నాడు. జనం తెచ్చినవాటిలో డిస్కో ఒక్కటే లేదని, స్టీవీ వండర్, మార్విన్ గే రికార్డులు కూడా ఉన్నాయని అతను తర్వాత చాలాసార్లు చెప్పాడు. కుర్రోడు బాబూ, నువ్వడిగిన చిన్నచూపు ఎక్కడిదో ఇప్పుడు నువ్వే ఆలోచించుకో. రాజు గారూ, సోల్‌ని డిస్కో మింగిందన్నారు. ఆ కుప్పలో రెండూ కలిసే కాలాయండీ.

పెద్ద కంపెనీలు డిస్కో తియ్యడం తగ్గించేశాయి. కొత్త సరుకు రాకపోతే డీజే ఏం చేస్తాడు? నకిల్స్ పాత పాటల్ని రీల్ టేపు మీద కోసి, అతికించి, నున్నని పట్టీ భాగాన్ని పొడుగు చేసుకున్నాడు. తర్వాత కింద డ్రమ్ మెషీన్ కలిపాడు. చౌకగా దొరికే రోలాండ్ పెట్టెలు కుర్రాళ్ళ బెడ్రూముల్లోకి వచ్చాయి. 1984లో వచ్చిన 'ఆన్ అండ్ ఆన్'ని చాలామంది మొదటి హౌస్ రికార్డుగా లెక్కేస్తారు. జెస్సీ సాండర్స్ పేరుతో వచ్చింది, రాసిన రెండోవాడు ఎవరనుకున్నారు? ఆ గేటు దగ్గర కుర్రాడే.

మార్షల్ జెఫర్సన్ అయితే పోస్టాఫీసులో రాత్రి డ్యూటీ ఉద్యోగి. పియానో అంత వేగంగా వాయించడం రాదు. నెమ్మదిగా వాయించి, మెషీన్‌లో వేగం పెంచి 1986లో 'మూవ్ యువర్ బాడీ' చేశాడు. ఈ ఒక్క రికార్డు విన్నాక హౌస్‌లో సరుకు లేదంటే ఒప్పుకుంటా.

వేర్‌హౌస్ భవనం ఇప్పటికీ ఉంది. 2023లో నగరం దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించింది. మా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపిస్తా. "ఈ గోదాము చూడ్డానికా ఇంత దూరం తీసుకొచ్చావు" అంటారు.

సోల్_రాజు
సుబ్బారావు గారి చరిత్ర బాగుంది. నా బాధ వేరు. మెషీన్‌కి ప్రాణం ఎక్కడిది? అల్ జాక్సన్ వెంట్రుకవాసి ఆలస్యం ఏ మీట నొక్కితే వస్తుంది?

దరువు_దాసు
రాదు. అది ఒప్పుకోవాల్సిందే. కానీ హౌస్‌వాళ్ళు వాడిన రోలాండ్ 909 డ్రమ్ మెషీన్‌లో ఏముందో చూడండి రాజు గారూ. ఆ పెట్టెలో కిక్, స్నేర్ సర్క్యూట్‌తో పుట్టించిన శబ్దాలు. హై-హ్యాట్ మాత్రం నిజమైన తాళాల్ని కొట్టి రికార్డు చేసి చిప్‌లో పెట్టారు. చికాగో కుర్రాళ్ళు ఆ తెరిచిన హై-హ్యాట్‌ని ఎక్కడ పెట్టారు? నాలుగు కిక్కుల మధ్య నాలుగు ఖాళీల్లో. ఎర్ల్ యంగ్ ఎడమకాలు! వాళ్ళు మెషీన్‌ని మెషీన్‌లా వాడలేదు, తమకి తెలిసిన డ్రమ్మర్ని అందులో వెతుక్కున్నారు.

'ద లవ్ ఐ లాస్ట్', 'మూవ్ యువర్ బాడీ' ఒకదాని వెనక ఒకటి పెట్టి ఆ 'త్స్' ఒక్కటే వినండి. పదమూడేళ్ళ తేడా ఉన్నట్టు ఉండదు. నేను ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వచ్చాక ఉద్యోగం పోగొట్టుకున్న డ్రమ్మర్లని చూశాను, నాకూ మెషీన్ల మీద ప్రేమేం లేదు. అయినా ఇది దొంగతనం కాదనిపిస్తుంది.

న్యూజెర్సీ_పద్మ
దరువు దొంగతనం కాదేమో దాసు గారూ. గొంతు సంగతి చెప్పనా?

లొలేటా హాలోవే. చికాగో ఆడపడుచు, చర్చి పాటల్లోంచి వచ్చింది. 1977లో 'హిట్ అండ్ రన్' పాట అసలు టేపులు శాల్‌సోల్ వాళ్ళు వాల్టర్ గిబ్బన్స్ చేతికిచ్చారు. ఒక్కో వాద్యం, గొంతు విడివిడిగా ఉండే ఆ మల్టీట్రాక్ టేపుని ఒక డీజేకి అప్పగించడం అప్పట్లో పెద్ద సాహసం. ఆయన చరణాలు చాలావరకు తీసి అవతల పడేశాడు. పాట అయిపోయాక ఆవిడ ఊపులో అంటున్న కేకలు, మాటలు, నవ్వులు, వాటిని పట్టుకుని పదకొండు నిమిషాలు నడిపించాడు. పల్లవి కోసం ఎదురు చూస్తే రాదు. రాజు గారూ, మీ ఓటిస్ అభిమానం మీద ఒట్టు, ఇది వినండి. డిస్కోలో సోల్ లేదని మళ్ళీ అనలేరు.

తర్వాత 1980లో డ్యాన్ హార్ట్‌మన్ రాసి చేసిన 'లవ్ సెన్సేషన్'. 1989లో ఇటలీకి చెందిన బ్లాక్ బాక్స్ బృందం అందులోంచి ఆవిడ గొంతు కోసి 'రైడ్ ఆన్ టైమ్' చేసింది. బ్రిటన్‌లో ఆరు వారాలు నంబర్ వన్, ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్. టీవీలో పెదవులు కదిపింది ఒక మోడల్. హాలోవే పేరు ఎక్కడా లేదు. కోర్టు నోటీసుల దాకా వెళ్ళాకే ఆవిడకి డబ్బు ముట్టింది. 2011లో పోయింది. ఈ రోజుకీ ఆ గొంతు తెలిసినవాళ్ళు కోట్లలో ఉంటారు, పేరు తెలిసినవాళ్ళు ఎందరు?

మన సినిమాల్లో తెరమీద ఒకరు, గొంతు ఇంకొకరు మామూలే. కానీ క్యాసెట్ మీద సుశీల గారి పేరు వేసేవారు కదా.

గుంటూరు_బాకా
పద్మ గారి చివరి వాక్యానికి వంద లైకులు.

వయొలిన్_వరలక్ష్మి
మనవాళ్ళ పేరెత్తారు కాబట్టి రెండు ముక్కలు. ముంబైలో పుట్టిన ఆశా పుత్లీ 70ల మొదట్లోనే ఆర్నెట్ కోల్‌మన్ జాజ్ రికార్డులో పాడింది. 1976 ఆల్బమ్‌లో ఆవిడ పాడిన 'స్పేస్ టాక్' న్యూయార్క్‌లో డేవిడ్ మాంకూసో అనే డీజే తన ఇంట్లో జరిపే లాఫ్ట్ పార్టీల్లో తెగ వేసేవాడు. గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది గొంతు, శృతి మాత్రం చెక్కుచెదరదు.

రెండోది చరణ్‌జీత్ సింగ్. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే మనిషి. 1982లో రోలాండ్ వాళ్ళ 808 డ్రమ్ మెషీన్, 303 బాస్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని పది రాగాలు డిస్కో దరువు మీద వాయించి ఎల్‌పీ చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక "హౌస్‌ని కనిపెట్టింది భారతీయుడే" అని మనవాళ్ళు వాట్సాప్‌లో తిప్పేశారు. చికాగోవాళ్ళు అది విననే లేదు, కాబట్టి ఆ మాట వదిలేద్దాం. సంగీతం మాత్రం వదలొద్దు. మాల్కౌస్ అంటే మన హిందోళం, భైరవ్ అంటే మాయామాళవగౌళ, యమన్ అంటే కళ్యాణి. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ ఉంది. 1987లో చికాగోలో ఫ్యూచర్ బృందం అదే పెట్టె మీటలు తిప్పి యాసిడ్ హౌస్ చేసింది, అక్కడ ఆ జారుడు ఒళ్ళు జలదరించేలా వాడారు. సింగ్ గారి చేతిలో అదే జారుడు గమకానికి దగ్గరగా వస్తుంది. పూర్తిగా కాదు. గాంధారం దగ్గర మెషీన్ తెలిసిపోతుంది.

మల్కాజిగిరి_కుర్రోడు
అందరూ చెప్పినవి ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్‌తో విన్నా. దాసు అన్నా, ఆ 'త్స్' ఇప్పుడు ఎక్కడికెళ్ళినా వినపడుతోంది. నిన్న జిమ్‌లో పెట్టిన పాటలోనూ అదే. నాకు మతి పోగొట్టింది మాత్రం 'హిట్ అండ్ రన్'. పద్మ గారు ముందే చెప్పినా పల్లవి కోసం ఎదురు చూస్తూనే ఉన్నా. ఎనిమిదో నిమిషం దగ్గర ఎదురు చూడ్డం మానేశా, అప్పుడు ఎక్కింది.

డొనాల్డ్ బర్డ్ అంత నచ్చలేదు, సారీ బాకా గారూ. 'మూవ్ యువర్ బాడీ' పియానో సూపర్, పాడిన గొంతే కాస్త పేలవంగా అనిపించింది. ఒక డౌట్: ఇవన్నీ వరసగా వింటే 70ల వాటిలో వేగం మధ్యలో కొంచెం పెరిగినట్టుంది. నా భ్రమా?

దరువు_దాసు
భ్రమ కాదు. మనిషి వాయిస్తే ఊపు వచ్చేకొద్దీ కాస్త పెరుగుతుంది. అందుకే ఈ రికార్డుల్ని హౌస్ పాటతో కలపాలంటే డీజే చెయ్యి ప్లేటు వేగం మార్చే పిచ్ మీట మీదే ఉండాలి, వదిలితే రెండు దరువులూ విడిపోతాయి.

సోల్_రాజు
లొలేటా హాలోవే విన్నా. ఆవిడ సరే. ఎర్ల్ యంగ్ కూడా సరే. మిగతావాళ్ళ మీద నా అభిప్రాయం నాదే. రేపు ఆల్ గ్రీన్ మీద వేరే థ్రెడ్ పెడుతున్నా, పద్మ గారు తప్పకుండా రావాలి. 12 అంగుళాల మాట ఎత్తకూడదు.

న్యూజెర్సీ_పద్మ
వస్తా. ఆ మాటే ఎత్తుతా.